బేరియం టైటనేట్ బిళ్ళ చేసి డైఎలెక్ట్రిక్ స్థిరాంకం కొలవడం

బేరియం టైటనేట్ ఒక పింగాణీ లాంటి పదార్థం. శూన్యంతో పోలిస్తే ఒక పదార్థం విద్యుదావేశాన్ని ఎన్ని రెట్లు నిలపగలదో చెప్పే సంఖ్యే డైఎలెక్ట్రిక్ స్థిరాంకం. దాని కొలత తక్కువగా వస్తే ముందు మీటరును కాదు, బిళ్ళను అనుమానించండి. బిళ్ళ లోపలి సన్నని రంధ్రాల్లోని గాలి స్థిరాంకం 1. చుట్టూ ఉన్న పదార్థానిది వెయ్యి పైమాటే. కొద్దిపాటి గాలి చేరినా విలువ పడిపోతుంది.

5 గ్రాముల బేరియం టైటనేట్ పొడికి, దాన్ని జిగురులా పట్టి ఉంచే 5 శాతం పాలీవినైల్ ఆల్కహాల్ ద్రావణం 2 మిల్లీలీటర్లు కలిపి, ఆరబెట్టి, నూరి, జల్లించండి. 0.4 గ్రాములు తీసుకుని 10 మిల్లీమీటర్ల వ్యాసమున్న డైలో (లోహపు అచ్చులో) పోసి, 1.5 టన్నుల బరువుతో ఒక నిమిషం నొక్కండి. ఒత్తిడిని మెల్లగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే బిళ్ళ పొరలుగా విడిపోతుంది.

ఫర్నేస్‌లో 600 డిగ్రీల సెల్సియస్ దాకా నిమిషానికి 1 డిగ్రీ చొప్పున పెంచి, గంటసేపు ఉంచండి. తొందరపడితే లోపలి పాలీవినైల్ ఆల్కహాల్ వాయువుగా మారి బిళ్ళను పగలగొడుతుంది. తర్వాత నిమిషానికి 5 డిగ్రీలతో 1320కి చేర్చి 2 గంటలు ఉంచండి. పొడి మరీ సన్ననిదైతే ఇంకాస్త తక్కువ వేడి చాలు. బిళ్ళ కింద అదే పొడి పలచగా చల్లండి, లేకపోతే బిళ్ళలోని బేరియం, దాని కింద ఉన్న అల్యూమినా పలకతో చర్య జరుపుతుంది.

ఇప్పుడు సాంద్రత చూడాలి. ఈ మెట్టును దాటవేయకండి. ఆరిన బిళ్ళ బరువును, అదే బిళ్ళ నీళ్ళు పీల్చాక ఉన్న బరువులోంచి నీటిలో వేలాడదీసిన బరువు తీసివేయగా మిగిలిన దానితో భాగించండి. సిద్ధాంతపరమైన సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.02 గ్రాములు. 5.7 కూడా రాకపోతే ఆ బిళ్ళను పక్కన పెట్టి, మళ్ళీ చేయడమే మేలు.

బాగా ఆరనిచ్చి, మందం 1 మిల్లీమీటరు వచ్చేలా సాన పట్టండి. రెండు ముఖాలకూ సిల్వర్ పేస్ట్ పూసి 550 డిగ్రీల వద్ద కాల్చండి. అంచు మీదికి పేస్ట్ పాకితే షార్ట్ అవుతుంది, గీకేయండి.

కాల్చిన వెంటనే కొలవకండి. సుమారు 120 డిగ్రీలు దాటాక స్ఫటికం ఘనాకృతికి మారి, చల్లారాక మళ్ళీ చతుష్కోణాకృతి పొందుతుంది. ఆ తర్వాత కెపాసిటెన్స్ (బిళ్ళ విద్యుదావేశాన్ని నిలిపే సామర్థ్యం) గంటల తరబడి మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. 24 గంటలు ఆగి, 1 కిలోహెర్ట్జ్, 1 వోల్ట్ వద్ద కొలవండి.

కెపాసిటెన్స్‌ను మందంతో గుణించి, 8.854 × 10⁻¹²తోనూ వెండి పూత వైశాల్యంతోనూ భాగించండి. అన్నీ మీటర్లు, ఫారడ్లలోనే ఉండాలి. 8.6 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న బిళ్ళ 926 పికోఫారడ్లు చూపితే స్థిరాంకం 1800. బిళ్ళ కాలాక కుంచించుకుపోతుంది కాబట్టి, డై వ్యాసమైన 10 మిల్లీమీటర్లనే లెక్కలో వేస్తే 26 శాతం తక్కువ వస్తుంది.