తేలికైన రేంజ్‌ఫైండర్‌కు చిన్న లెన్స్: లోపం ఎక్కడ, మందు ఏది

రేంజ్‌ఫైండర్ కెమెరాలో మనం లెన్స్‌లోంచి చూడము, దాని పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాము. అందువల్ల కంటికి కనిపించినదానికీ ఫిల్ముకెక్కినదానికీ తేడా వచ్చిన ప్రతిసారీ నింద లెన్స్ మీద పడుతుంది, ఆ వెంటనే మరో లెన్స్ కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆ వెతుకులాటకు ముందు తప్పు లెన్స్‌దా, కెమెరాదా, ఆ రెండింటి జోడీదా అన్నది తేల్చుకుంటే డబ్బు మిగులుతుంది.

సమస్య: కెమెరా తేలికైనదే, అయినా ఇంట్లోనే ఉండిపోతోంది

దీనికి కారణం మొత్తం బరువు కన్నా ముందువైపు పొడవే. లైకా ఎం6 బాడీ సుమారు 560 గ్రాములు. దానికి 335 గ్రాముల సమిలక్స్ 50 ఎఫ్/1.4 లెన్స్ తగిలిస్తే మెడలో వేలాడే కెమెరా ముక్కు కిందికి వాలుతుంది, చేతిసంచిలో అడ్డం తిరుగుతుంది. సమిక్రాన్ 50 ఎఫ్/2 బరువు 240 గ్రాములు, ఫోక్ట్‌లాండర్ నాక్టన్ 40 ఎఫ్/1.4 బరువు 175, కలర్ స్కోపార్ 35 ఎఫ్/2.5 బరువు 134. చివరిది మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి 23 మి.మీ. మాత్రమే ముందుకు వస్తుంది కనుక లాల్చీ జేబులో కూడా ఒదుగుతుంది.

పెద్ద అపెర్చర్‌ను, అంటే లెన్స్‌లోకి వెలుగు వచ్చే పెద్ద రంధ్రాన్ని, వదులుకోవాలంటే చాలామందికి మనసొప్పదు (ఎఫ్ పక్కనున్న అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). కానీ హైదరాబాద్ ఎండలో 400 స్పీడు ఫిల్ము వేసుకుని మధ్యాహ్నం గోల్కొండ ఎక్కినవారికి ఎఫ్/16 దగ్గర 1/500 షట్టర్ సరిపోతుంది. షట్టర్ గరిష్ఠ వేగం 1/1000 అయిన కెమెరాలో అపెర్చర్‌ను ఎఫ్/11 దాటి తెరవడానికే వీలుండదు. ఇక రాత్రివేళ దుకాణాల దీపాల వెలుగుకు ఎఫ్/2 వద్ద 1/60 చాలావరకు అందుతుంది. అందుచేత తేలికపాటి సరంజామా కోరేవారు ఎఫ్/2 లేదా ఎఫ్/2.5 దగ్గర ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

సమస్య: గీతల మధ్య లేనిది ఫోటోలోకి వచ్చేస్తోంది

ఫోటో ఎంతవరకు పడుతుందో చూపడానికి కిటికీలో, అంటే వ్యూఫైండర్‌లో, గీతలుంటాయి. ఇది ముఖ్యంగా 40 మి.మీ. లెన్స్ కొన్నవారి ఫిర్యాదు. 36×24 మి.మీ. ఫ్రేము కర్ణం 43.3 మి.మీ. కనుక లెక్క ప్రకారం 50 కన్నా 40 మి.మీ.యే అసలైన స్టాండర్డ్ లెన్స్‌కు దగ్గర. అయితే చాలా లైకా ఎం కెమెరాల వ్యూఫైండర్‌లో 40కి గీతలే లేవు. 1973లో వచ్చిన లైకా సీఎల్ కోసం చేసిన సమిక్రాన్-సీ 40 ఎఫ్/2ను ఎం6కు బిగిస్తే, దాని మౌంట్ మీది మెట్టు 50, 75 గీతల జతను పైకి తెస్తుంది. లాడ్ బజార్ సందులో గాజుల దుకాణానికి మూడు మీటర్ల దూరంలో నిలబడితే 50 మి.మీ. లెన్స్ సుమారు 2.2 మీటర్ల వెడల్పును పడుతుంది, 40 అయితే 2.7 మీటర్లను. అంటే మీరు గీతల్లో గాజుల వరుసను పొందిగ్గా అమర్చినా, అటు పావు మీటరు, ఇటు పావు మీటరు అదనంగా చేరి, పక్క దుకాణం షట్టరో స్కూటర్ అద్దమో ఫోటోలో తిష్ఠ వేస్తుంది.

పరిష్కారాలు మూడు. ఫ్రేమ్ మార్చే మీటను చేత్తో నెట్టి 35 గీతలను చూసి ఫోటో తీయడం మొదటిది. ఆ గీతలను అతి దగ్గరి దూరానికి సరిపడేటట్లు కాస్త ఇరుకుగా గీస్తారు కనుక, నాలుగైదు మీటర్లకు అవతల ఉన్న దృశ్యాలకు అవి 40 లెన్స్ పరిధితో దాదాపు కలిసిపోతాయి. 40కే గీతలున్న లైకా సీఎల్, మినోల్టా సీఎల్ఈ, బెస్సా ఆర్3ఏ వంటి బాడీని ఎంచుకోవడం రెండవది. మౌంట్ మెట్టును ఆకురాయితో కాస్త అరగదీసి 35 గీతలు వాటంతటవే వచ్చేటట్లు చేయడం మూడవది; దానిని నేను ఎవరికీ సిఫారసు చేయను, ఎందుకంటే అరిగిన లోహం తిరిగి రాదు.

ఈ మూడవ దాని వల్ల నేనే ఒకసారి మోసపోయాను. కోఠీలో ఒక పాత 40 లెన్స్ కొని ఇంటికి తెచ్చి బిగిస్తే 50 గీతలకు బదులు 35 గీతలు కనిపించాయి. కెమెరాలో స్ప్రింగు తెగిందనుకుని వారం రోజులు బెంగపడ్డాను. చివరకు లెన్స్ విప్పి వెనుకవైపు దీపం కింద పెట్టి చూస్తే, క్రోమ్ పూత మధ్య మెట్టు అంచున గోరంత మేర పసుపుపచ్చగా ఇత్తడి మెరిసింది. నా కన్నా ముందు దానిని వాడినవారెవరో అరగదీశారు. పాత 40 లెన్స్ చేతికి వచ్చినప్పుడు ముందు అద్దం కన్నా వెనుక మౌంటునే మొదట చూడాలి.

సమిక్రాన్-సీకి మరో చిక్కు కూడా ఉంది: మామూలు 39 మి.మీ. ఫిల్టర్ ఒకటి రెండు మరలు ఎక్కి బిగుసుకుపోతుంది, ఎందుకంటే దాని మరల అంతరం వేరు. బలవంతంగా తిప్పకూడదు. మినోల్టా వారి 40కి 40.5 మి.మీ. ఫిల్టర్లు సరిపోతాయి.

సమస్య: రెండు బొమ్మలూ కలిసినా ఫోకస్ తప్పుతోంది

కిటికీ మధ్యనున్న మచ్చలో రెండుగా కనిపించే బొమ్మను ఒకటిగా కలపడమే ఈ కెమెరాలో ఫోకస్ చేయడం. అది కుదిరినా తప్పుతోందంటే ముందుగా కెమెరాను పరీక్షించాలి. టాంక్‌బండ్ మీద నిలబడి, లెన్స్‌ను అనంతం గుర్తు దగ్గర ఉంచి, దూరంగా ఉన్న బిర్లా మందిర్ శిఖరాన్ని రేంజ్‌ఫైండర్ మచ్చలో చూడండి. ఏ లెన్స్ పెట్టినా శిఖరం రెండుగానే కనిపిస్తే దోషం కెమెరాది, దానిని మరమ్మతుదారు సరిచేయాలి. ఒక్క లెన్స్‌తో మాత్రమే అలా కనిపిస్తే దోషం ఆ లెన్స్‌ది, లేదా దాని అడాప్టర్‌ది. మర మౌంట్ లెన్స్‌కు ఫ్లాంజ్ దూరం (మౌంట్ నుంచి ఫిల్ము దాకా) 28.8 మి.మీ., ఎం మౌంట్‌కు 27.8. మధ్యనున్న అడాప్టర్ మందం కచ్చితంగా ఒక మి.మీ. ఉండాలి కనుక, చవక అడాప్టర్‌లోని వెంట్రుకవాసి తేడా కూడా ఫోకస్‌ను చెడగొట్టగలదు.

దూరాన సరిగా ఉండి దగ్గరకు వచ్చేసరికి తప్పుతూ ఉంటే, ఆ లెన్స్ ఏ కెమెరాల ప్రమాణానికి చేసినదో కనుక్కోవాలి. చవకగా, తేలికగా దొరికే సోవియట్ జూపిటర్-8 50 ఎఫ్/2లో ఈ గుణం తరచుగా కనిపిస్తుంది. అది ఎఫ్/5.6 దగ్గర పెద్దగా తెలియదు, ఎఫ్/2 దగ్గర మాత్రం దాగదు.

అపెర్చర్ మూసే కొద్దీ ఫోకస్ వెనక్కి జరగడం మరొక రకం. జైస్ సీ సోనార్ 50 ఎఫ్/1.5 దీనికి పేరుమోసింది; అది పాడైపోయిన లెన్స్ కాదు, గోళీయ దోషాన్ని (అంచు కిరణాలు, మధ్య కిరణాలు ఒకే చోట కలవకపోవడాన్ని) కొంత మిగిల్చిన రూపకల్పన. దినపత్రికను మీటరు దూరంలో ఏటవాలుగా పరిచి, ఒక శీర్షిక మీద ఫోకస్ చేసి ఎఫ్/2 నుంచి ఎఫ్/5.6 వరకు వరుసగా తీస్తే పదునైన పంక్తి శీర్షిక నుంచి వెనుక వరుసలకు జరగడం కనిపిస్తుంది.

కొన్నిసార్లు తప్పు ఎవరిదీ కాదు, జోడీ కుదరదు. రేంజ్‌ఫైండర్ ప్రభావక పొడవు ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితం; లైకా ఎం3లో అది సుమారు 62 మి.మీ. కాగా సీఎల్‌ది 19 మి.మీ. లోపే. మీటరు దూరంలో 50 ఎఫ్/2కు స్పష్టంగా ఉండే లోతు నాలుగున్నర సెంటీమీటర్లు, 40 ఎఫ్/2కు ఏడు. చిన్న బాడీకి చిన్న లెన్స్ నప్పడానికి అందం ఒక్కటే కారణం కాదు.

సమస్య: ఎదురుగా కూర్చున్నవారి మీద ఫోకస్ కుదరడం లేదు

ఇరానీ హోటల్ బల్లకు ఆవలి వైపు ముఖం ముప్పావు మీటరు దూరంలో ఉంటుంది. పాత లెన్సులు చాలావరకు మీటరు దగ్గరే ఆగుతాయి, సమిక్రాన్-సీ 0.8 దగ్గర ఆగుతుంది. ఇటువంటి ఫోటోలే ఎక్కువ తీసేవారు 0.7 మీటర్ల దాకా ఫోకస్ అయ్యే లెన్స్ తీసుకోవాలి, లేదా కుర్చీని వెనక్కి జరుపుకోవాలి.

సమస్య: ఫోటోలు వెలిసినట్లు ఉంటున్నాయి

కొనే చోటే ఫోన్ టార్చిని వెనుక నుంచి లెన్స్‌లోకి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. ధూళి రేణువులు ఫోటోకు హాని చేయవు. పాలపొర వంటి మసక, సాలెగూడు పోగుల వంటి బూజు కనిపిస్తే మాత్రం వదిలేయండి. మసకను తుడిపించవచ్చు, బూజు కోటింగ్‌ను తినేస్తే బాగుపడదు. ఇంట్లో వానాకాలమంతా లెన్స్‌ను తోలు సంచిలో, బీరువా అడుగున దాచడం బూజును పెంచి పోషించడమే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి తేమను 40-50 శాతం మధ్య నిలపాలి.

సమస్య: ప్రతి ఫోటోలోనూ ఒకేచోట చిన్న మచ్చ

దీనికి లెన్స్‌ను మార్చి ప్రయోజనం లేదు. రేంజ్‌ఫైండర్‌లో లెన్స్‌కూ షట్టర్‌కూ మధ్య అడ్డుగా మిర్రర్ ఉండదు కనుక, ఎండలో మూత లేని లెన్స్ సూర్యుడి వైపు తిరిగి ఉంటే అది భూతద్దంలా పనిచేసి గుడ్డ షట్టర్ తెరకు సూదిమొన అంత రంధ్రం చేస్తుంది. కెమెరాను ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని టీ తాగే అలవాటున్నవారికి ఇది ఎక్కువగా జరుగుతుంది. చిల్లి చిన్నదైతే మరమ్మతుదారు నల్లటి రబ్బరు పూతతో పూడ్చగలరు, పెద్దదైతే తెర మార్చాలి. వాడనప్పుడు లెన్స్‌కు మూత పెట్టండి, లేదా అపెర్చర్‌ను ఎఫ్/16కు మూసి ఉంచండి. మూత పెట్టుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఈ కెమెరాల కిటికీలో అన్నీ స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి, మూత తీయకుండానే రోలు మొత్తం పూర్తిచేసే ప్రమాదం ఉంది.