కొళాయి నీళ్లతో డబ్బాపాలు కలిపే పద్ధతి

నీళ్లు మరిగించి, చల్లార్చి, గోరువెచ్చగా అయ్యాక పసిపిల్లల పాలపొడి (ఫార్ములా) కలపడం చాలామందికి అలవాటు. నీళ్లలోని క్రిములు చచ్చాయి కాబట్టి ఇక భయం లేదనుకుంటారు. అసలు చిక్కు పొడిలోనే ఉంది. సీలు తీయని డబ్బాలో కూడా క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా కొద్దిగా ఉండే అవకాశం ఉంది. వాటిని చంపాల్సింది మనం పోసే వేడినీళ్లే. అందుకే నీళ్లు కనీసం 70 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉన్నప్పుడే పొడి వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 మార్గదర్శకాల్లో చెప్పింది. రెండు నెలలు నిండని పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. వీళ్లకు కంపెనీలో ముందే కలిపి సీలు చేసిన ద్రవరూపం పాలు దొరికితే అవే మేలు, అవి క్రిమిరహితంగా వస్తాయి.

నీళ్లు చల్లని కొళాయి నుంచే పట్టండి. వేడినీళ్ల కొళాయి వద్దు. వేడికి పాత గొట్టాల్లోని సీసం నీళ్లలోకి ఎక్కువగా దిగుతుంది. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లను కాసేపు బయటికి పోనిచ్చి, ఆ తర్వాత పట్టుకోండి. మరిగిస్తే సీసం, నైట్రేట్ (ఎరువుల లాంటి వాటి నుంచి నీళ్లలో చేరే రసాయనం) పోవు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఒకసారి కాచిన నీళ్లనే మళ్లీ మళ్లీ కాచవద్దనేది ఇందుకే. సొంత బావి నీళ్లయితే ముందుగా పరీక్ష చేయించాలి. లీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ ఉంటే, పసిబిడ్డ రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

సీసా, పీక, మూత బ్రష్‌తో తోమి కడిగి, లోపల గాలి బుడగలు లేకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా పెట్టి 10 నిమిషాలు మరిగించండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. తర్వాత కనీసం లీటరు తాజా నీళ్లు తెర్లేదాకా కాచి దించండి. కొద్ది నీళ్లయితే త్వరగా చల్లారిపోతాయి. దించాక 30 నిమిషాలు దాటకుండా వాడేయండి.

ముందు నీళ్లు, తర్వాతే పొడి. సీసాను చదునైన చోట పెట్టి, గీతను కంటి ఎత్తులో చూసి నీళ్లు పోయండి. పొడి ముందు వేస్తే అది కూడా గీత లెక్కలోకి వచ్చి నీళ్లు తగ్గుతాయి. చాలా రకాల్లో 30 మిల్లీలీటర్లకు ఒక స్కూపు పడుతుంది గానీ, అన్నింటికీ అదే కొలత కాదు. డబ్బా మీద రాసిందే పాటించండి. స్కూపు కూడా ఆ డబ్బాలోదే కావాలి. పొడిని అదమకుండా, శుభ్రమైన, తడిలేని చాకుతో పైభాగం చదును చేయండి. ఎన్ని స్కూపులు వేశారో మరిచిపోతే అంచనా మీద సరిపెట్టకండి, పారబోసి మళ్లీ కలపండి. పాలు పల్చనైతే బిడ్డకు బలం చాలదు, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. చిక్కనైతే ఒంట్లో నీరు తగ్గి, మూత్రపిండాల మీద భారం పడుతుంది. డబ్బా పొదుపుగా వాడాలని పొడి తగ్గించడం మాత్రం ఎంత ఇబ్బందిలోనూ చేయకూడని పని. చక్కెర, బియ్యప్పిండి లాంటివీ కలపకండి.

ప్రోబయోటిక్స్ (మేలుచేసే బ్యాక్టీరియా) ఉన్న కొన్ని పొడులకు తక్కువ వేడి చాలని డబ్బా మీద ఉంటుంది. అప్పుడు ఏం చేయాలో పిల్లల డాక్టర్‌ను అడిగి తేల్చుకోండి.

మూత బిగించి ఊపాక, మూతకు నీళ్లు తగలకుండా సీసాను పారే చల్లనీళ్ల కింద తిప్పుతూ చల్లార్చండి. మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. ఈ పరీక్ష మానేస్తే బిడ్డ నోరు కాలవచ్చు.

కలిపిన పాలు రెండు గంటల్లోపు పట్టేయాలి. తాగి వదిలేసినవి దాచకండి, ఉమ్మి కలిసిన పాలలో క్రిములు త్వరగా పెరుగుతాయి. ముందుగా కలిపి పెట్టుకోక తప్పకపోతే వెంటనే చల్లార్చి, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు, లోపలి అరలో ఉంచి 24 గంటల్లో వాడాలి. తలుపు అర సరిగా చల్లగా ఉండదు. మళ్లీ వెచ్చబెట్టేటప్పుడు సీసాను వేడినీళ్ల గిన్నెలో 15 నిమిషాలకు మించి ఉంచకండి. మైక్రోవేవ్ అసలే వద్దు, పైకి చల్లగా తగిలినా లోపల పాలు అక్కడక్కడా బాగా వేడెక్కి ఉండవచ్చు. ప్రయాణాల్లో అయితే అప్పుడే కాచిన నీళ్లు నిండా పోసిన ఫ్లాస్కు, కొలిచిన పాలపొడి వేసిన తడిలేని డబ్బీ వేర్వేరుగా తీసుకెళ్లి, బిడ్డకు ఆకలైనప్పుడే కలపండి.