వైఫై రావట్లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం (బెంగళూరు ఇళ్లకు)

నెట్ ఆగిపోతే తప్పు ఎక్కువగా నాలుగు చోట్లలో ఒకచోట ఉంటుంది: వీధిలోని ఫైబర్, గోడ మీది ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్‌లోని వెలుగును నెట్‌గా మార్చేది), రౌటర్, మీ ఫోను. అదెక్కడో తేలేదాకా రీసెట్ బటన్ జోలికి పోకండి. పది సెకన్లు నొక్కి పట్టుకుంటే పీపీపీఓఈ (ప్రొవైడర్ నెట్‌లోకి రౌటర్ చేసే లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ప్రొవైడర్ లైనుకు ఇచ్చే వీల్యాన్ నంబరు అన్నీ చెరిగిపోతాయి. ఆదివారం రాత్రి అవి చెప్పే మనిషి దొరకడు. నెట్ బాగున్న రోజే వాటిని మీ ప్రొవైడర్ దగ్గర మెసేజ్‌లో తెప్పించుకుని దాచుకోండి.

మొదటి పరీక్ష ఒక్కటే. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో రౌటర్‌కు కలపండి. అలా నెట్ వస్తే చూడాల్సింది వైఫై సెట్టింగులు. అలా కూడా రాకపోతే లైనో, లాగినో చూడాలి.

ఓఎన్‌టీ మీది ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) దీపం ఎర్రగా వెలుగుతోంది

ఓఎన్‌టీకి ఫైబర్‌లోంచి వెలుగు అందడం లేదు. రౌటర్‌లో ఏం మార్చినా లాభం లేదు. బెంగళూరులో చాలా వీధుల్లో ఈ కేబుళ్లు చెట్ల కొమ్మల మధ్యనుంచే వెళ్తాయి. ఏప్రిల్, మే గాలివానకు కొమ్మ విరిగితే కేబులూ తెగుతుంది. అయితే ఫోన్ చేసేముందు ఇంట్లో ఒకసారి చూడండి. టీవీ యూనిట్ వెనక పసుపు ఫైబర్ వైరు మడత పడిందా? సోఫా కాలి కింద నలిగిందా? పిడికిలి కంటే చిన్న చుట్ట వేయకూడదు. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం దాంతో కలపకూడదు, వాటి కొనల కోత వేరు. కొనను వేలితో ముట్టుకోవద్దు, అందులోకి కన్ను పెట్టి చూడొద్దు.

దీపం మామూలుగానే ఉండి నెట్ తరచూ పడిపోతుంటే, బ్రౌజర్‌లో తెరిచే ఓఎన్‌టీ సెట్టింగుల పేజీలో ఆర్ఎక్స్ పవర్ (పెట్టెకు అందే వెలుగు బలం) చూడండి. మామూలు జీపాన్ (ఇళ్లకిచ్చే ఫైబర్ రకం) పెట్టెలకు -8 నుంచి -27 డీబీఎం వరకు పరిమితి, -27 వైపు పోయేకొద్దీ వెలుగు తక్కువ. -26 దగ్గర ఊగుతుంటే ఆ అంకెనే టెక్నీషియన్‌కు చెప్పండి. "స్లోగా ఉంది" అంటే స్పీడ్ టెస్ట్ చేసి వెళ్లిపోతాడు. అంకె చెబితే స్ప్లైస్ (ఫైబర్ అతుకు) చూడక తప్పదు.

దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి, నెట్ మాత్రం లేదు

రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ప్రొవైడర్ మీ రౌటర్‌కు ఇచ్చే అడ్రస్) 0.0.0.0 అని ఉంటే లాగిన్ కాలేదన్నమాట. ప్లాన్ గడువు ముగిసి ఉండొచ్చు, పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం తేడా ఉండొచ్చు. కొత్త రౌటర్ పెట్టిన రోజే ఇలా అయితే అనుమానం మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) మీదికి పోవాలి. కొందరు లోకల్ ఆపరేటర్లు పాత రౌటర్ మ్యాక్‌కే కనెక్షన్ కట్టేస్తారు. దాన్ని విడిపించమని అడగండి, లేదా కొత్త రౌటర్‌కు పాతదాని నంబరే పెట్టే మ్యాక్ క్లోన్ వాడండి.

ఓఎన్‌టీ పక్కన సొంత రౌటర్ పెట్టినవాళ్లకు ఇంకో చిక్కుంది. రెండూ 192.168.1.1 మీదే ఉంటే దారి కలవదు. రౌటర్ ల్యాన్ అడ్రస్‌ను 192.168.10.1 చేయండి. ఇంతకంటే శుభ్రమైన పద్ధతి ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (సిగ్నల్‌ను రౌటర్‌కు అందించడమే దాని పని) పెట్టించి, పీపీపీఓఈ లాగిన్ రౌటర్‌లోనే ఇవ్వడం. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతూనే ఉంటే రౌటర్‌లో ఎంటీయూ (ఒక్క విడతలో పంపే డేటా ముక్క సైజు) 1492 ఉందో లేదో చూడండి.

ఊళ్లో అమ్మానాన్నల ఫోన్‌లో ఇక్కడి సీసీ కెమెరా కనబడాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి కెమెరాకు దారి) పెట్టినా పని చేయట్లేదా? వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, అంటే చాలామంది ఒకే పబ్లిక్ ఐపీ పంచుకుంటున్నారు. పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్ వాడాలి.

హాల్లో బాగుంది, బెడ్‌రూంలో రాదు

ఎక్కువ ఇళ్లలో కారణం రౌటర్ పెట్టిన చోటే. గుమ్మం పక్క కరెంటు స్విచ్చుల డీబీ పెట్టె దగ్గర, చెప్పుల అరలో, ఇనప బీరువా వెనక పెడతారు. లోహం సిగ్నల్‌ను ఆపేస్తుంది. ఇంటి నడుమ, మనిషి ఛాతీ ఎత్తు పైన పెట్టండి.

మారతహళ్లి, బీటీఎం పీజీ భవనాల్లో స్కాన్ చేస్తే పక్కవాళ్ల వైఫై పేర్లు తెర నిండా వస్తాయి. అక్కడ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కే ఉంచండి. 40 పెడితే వేగం పెరగదు, గొడవ పెరుగుతుంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. అందులో 36–48 లేదా 149–161 ఛానళ్లు నయం. నడుమ ఉన్నవాటిలో చాలావరకు రాడార్ జాడ తగిలితే రౌటర్ ఛానల్ వదిలి పోవాల్సినవే.

రెండు గోడలు దాటాలంటే రిపీటర్ (వైఫైని అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొనకండి. ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేసే రకమైతే వేగం సగానికి పడుతుంది. ఎస్పీ రోడ్డులో క్యాట్ 6 రకం ల్యాన్ వైరు తీసుకుని దాని చివర రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై ఇవ్వడమే దాని పని) పెట్టండి. ఓనర్ గోడకు రంధ్రం వద్దంటే బల్లపరుపు ల్యాన్ వైరు తలుపు కింద నుంచి పోతుంది.

300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు వేగం 94 దాటదు

ఇది లైను తప్పు కాదు. ల్యాన్ వైరులో నాలుగు తీగలే కలిశాయి, లేదా పోర్టే 100 ఎంబీపీఎస్‌ది. ఎనిమిది తీగలతో రెండు కొనలూ మళ్లీ క్రింప్ చేయించండి (కనెక్టర్ బిగించడం). వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. పోర్టే చిన్నదైతే రౌటర్ మార్చడమే దారి.

స్మార్ట్ ప్లగ్, పాత ప్రింటర్ కలవవు

ఇవి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసినవి. రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో చూపే స్మార్ట్ కనెక్ట్ ఆపి 2.4కు, 5కు వేరే పేర్లు ఇవ్వండి. ఆ 2.4కు భద్రత సెట్టింగులో డబ్ల్యూపీఏ3 బదులు డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి.

రౌటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది

ముందు అడాప్టర్ చూడండి. దాని లేబుల్ మీద వోల్టులు రౌటర్‌కు కావాల్సినవే అచ్చంగా ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. కరెంటు పోయినప్పుడు నెట్ నిలవాలని మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ పెట్టె) కొంటే ఓఎన్‌టీ, రౌటర్ రెండింటి ఆంపియర్లు కలిపి లెక్క వేయండి. రౌటర్ ఒక్కదానికే ఇస్తే, పక్కన ఓఎన్‌టీ ఆరిపోయి వైఫై గుర్తు ఉంటుంది గానీ నెట్ ఉండదు.