స్పాన్సర్ చేసే కంపెనీలను ముందే వడపోసే చిట్కా

అమెరికాలో ఎంఎస్ చేసేవాళ్లకి తెలిసిన తలనొప్పే: రెండు రౌండ్ల ఇంటర్వ్యూ అయ్యాక "మేం హెచ్1బీ (ఉద్యోగ వీసా) స్పాన్సర్ చేయం" అంటారు. అప్లై చేయకముందే ఉచితంగా చూసుకునే దారి ఉంది.

అమెరికా కార్మిక శాఖ సైట్‌లో ఓఎఫ్‌ఎల్‌సీ (విదేశీ ఉద్యోగుల దరఖాస్తులు చూసే విభాగం) పెర్ఫార్మెన్స్ డేటా పేజీ తెరిచి, డిస్‌క్లోజర్ డేటా కింద ఎల్‌సీఏ ఎక్సెల్ ఫైల్ దించుకోండి. ఎల్‌సీఏ అంటే హెచ్1బీకి ముందు కంపెనీ ఈ శాఖకి పెట్టే దరఖాస్తు. పెద్ద ఫైల్, పాత ల్యాప్‌టాప్ కాసేపు మూలుగుతుంది. జాబ్ టైటిల్, వర్క్‌సైట్ స్టేట్‌కి ఫిల్టర్ పెట్టండి. తర్వాత వేజ్ లెవెల్ (అనుభవాన్ని బట్టి జీతం స్థాయి) ఒకటి, రెండు మాత్రమే ఉంచండి. ఫ్రెషర్లకి పనికొచ్చేవి ఎక్కువగా అవే. 'న్యూ ఎంప్లాయ్‌మెంట్' కాలమ్‌లో సున్నా ఉన్న వరుసలు తీసేయండి, అవి పొడిగింపులు, కంపెనీ మార్పుల్లాంటివి. అసలు కిటుకు 'సెకండరీ ఎంటిటీ' కాలమ్. అక్కడ 'యెస్' ఉంటే మనిషిని వేరే కంపెనీ దగ్గర పనికి పెడతారన్నమాట, చాలావరకు కన్సల్టెన్సీలే. అవి వద్దనుకుంటే ఆ వరుసలూ తీసేయండి.

బ్రాండ్ పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ కావాలంటే మెటా ప్లాట్‌ఫామ్స్ అని వెతకాలి. ఇంకోటి, ఎల్‌సీఏ ఆమోదం అంటే వీసా వచ్చినట్టు కాదు, ఈ ఏడాది కూడా స్పాన్సర్ చేస్తారనీ కాదు. రిక్రూటర్ మొదటి ఫోన్‌లోనే అడిగేయండి.