ఆర్వీయూలు కూడటం తేలికే, దేనితో భాగించాలన్నదే తంటా

అమెరికాలో ఒక యూనివర్సిటీ ఆసుపత్రి మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో డాక్టర్ల పని లెక్కగట్టే బాధ్యత 2019లో నా నెత్తిన పడింది. మొదటి ఏడాది నా నిర్వాకం ముందు చెప్పేస్తాను. బిల్లింగ్ వాళ్లిచ్చిన షీటును వర్క్ ఆర్వీయూల (రిలేటివ్ వాల్యూ యూనిట్లు, అంటే డాక్టరు చేసే ఒక్కో పనికి కట్టిన పాయింట్లు) వరసలో పేర్చి అందరికీ మెయిల్ కొట్టాను. అట్టడుగున ఉన్నావిడ గుంటూరులో నాకు జూనియర్. మర్నాడు పొద్దున్నే గది గుమ్మంలో నిలబడి, "అన్నా, నా కే23 గ్రాంట్ సంగతి మర్చిపోయారా?" అంది.

కే23 అంటే పరిశోధనలో ఎదగాలనుకునే డాక్టర్లకు అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే గ్రాంటు. అది తీసుకున్నవాళ్లు సాధారణంగా కనీసం 75 శాతం సమయం పరిశోధనకే ఇవ్వాలి. అంటే పూర్తి సమయం 1 అనుకుంటే, పేషెంట్లను చూసే క్లినిక్‌కి మిగిలింది 0.25. ఆవిడవి 1,240 ఆర్వీయూలు. 0.25తో భాగిస్తే 4,960. ఆవిడకన్నా చాలా పైనున్న పెద్దమనిషివి 3,760, ఆయన క్లినికల్ వాటా 0.8. భాగిస్తే 4,700. ఇక మీరే చూసుకోండి.

కాబట్టి షీటు తెరిచేముందు ఈ వాటా తేల్చండి. వారానికి పది పూటలు, పూటకు 0.1. రీసెర్చ్ వాటాను ఎఫర్ట్ రిపోర్టులోంచే (ఎవరి సమయం దేనికెంత పోయిందో యూనివర్సిటీకి రాసిచ్చే కాగితం) తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు (ఈ విషయంలో అందరం కాస్త ఉదారంగానే చెప్పుకుంటాం). సెలవులూ తీసేయాలి. 0.8 ఉన్నావిడ మూడు నెలలు ప్రసవం సెలవులో ఉంటే ఆ ఏడాదికి ఆవిడ వాటా 0.6.

వసూలైన డాలర్లతో కొలవొద్దు. ఒకే విజిట్‌కు బీదవాళ్ల ప్రభుత్వ బీమా మెడికెయిడ్ ఇచ్చేది ఒకటి, ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఇచ్చేది ఇంకొకటి. బీదవాళ్లను చూసే డాక్టరు బద్ధకస్తుడిలా కనిపిస్తాడు. వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 1992 నుంచి వాడుతున్న ఆర్వీయూలో పని, ప్రాక్టీసు ఖర్చు, మాల్‌ప్రాక్టీసు అని మూడు భాగాలుంటాయి. మనకు కావలసింది పని ఒక్కటే.

రెండేళ్లను పక్కపక్కన పెట్టేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. మామూలు క్లినిక్ విజిట్‌కు వేసే 99213 బిల్లింగ్ కోడ్‌కు 2020లో 0.97 వర్క్ ఆర్వీయూ ఉండేది, 2021లో 1.30 అయింది. కాస్త పెద్ద విజిట్‌కు వేసే 99214 కూడా 1.50 నుంచి 1.92కి ఎగబాకింది. మా క్లినిక్ వాళ్లు ఒక్క పేషెంటునూ అదనంగా చూడకుండానే ఇరగదీసినట్టు తేలారు. తమ కోడ్‌ల విలువ అలా పెరగని, కొలనోస్కోపీలు చేసే గ్యాస్ట్రో వాళ్లు మొహాలు ముడుచుకున్నారు. అందుకే ఆర్వీయూల మొత్తాలు కాదు, కోడ్‌ల సంఖ్యలు అడిగి తెచ్చుకోండి. రెండేళ్లకూ ఒకే ఏడాది విలువలతో మీరే గుణించుకోండి.

రెసిడెంట్లతో (శిక్షణలో ఉన్న డాక్టర్లు) కలిసి చూసిన పేషెంట్ల బిల్లు అటెండింగ్ (వాళ్లను పర్యవేక్షించే పెద్ద డాక్టరు) పేరు మీదే వెళ్తుంది. రెసిడెంట్ పాల్గొన్నాడని బిల్లు కోడ్‌కు తగిలించే జీసీ, జీఈ మాడిఫైయర్లను బట్టి వాటిని విడి కాలమ్‌లోకి లాగండి. నలుగురు రెసిడెంట్లను పర్యవేక్షించిన పూటనీ ఒంటరిగా చూసిన పూటనీ కలిపేస్తే రెండూ అర్థం కావు. లెక్చర్లు, రాత్రి ఫోన్లు ఇందులో ఎలాగూ రావు. వాటికి వేరే కాగితం పెట్టుకోవాలి.

అంతా అయ్యాక ఎవరి షీటు వాళ్లకు మాత్రమే పంపి, రెండు వారాలు గడువివ్వండి. ఒకసారి ఒకాయనకు డిసెంబరులో సున్నా వచ్చింది. ఆయన మండిపడుతూ నా మీదకొచ్చాడు. తీరా కంప్యూటర్ తెరిచి చూస్తే ఆ నెల పేషెంట్ల గురించి ఆయన రాసిన నోట్లలో ఒక్కదాని మీదా సంతకం లేదు. సంతకం లేకపోతే బిల్లు కదలదు. అక్కడే నా కుర్చీలో కూర్చుని గంటన్నర సంతకాలు పెట్టాడు.