స్నేహితుల ఇంటికి పిల్లల్ని పంపే ముందు తుపాకీ సంగతి అడగడం ఎలా

అమెరికాలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఈ మాట అడగడానికే మొహమాటపడతారు. అడిగినా "అమ్మో, మీ ఇంట్లో తుపాకీ ఉందా!" అన్న ధ్వని వినిపిస్తే అవతలివాళ్లు బిగుసుకుపోతారు.

కారణం ఉంది. మన దగ్గర తుపాకీ అంటే లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం, ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పడం. అమెరికన్లకది 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ ఇచ్చిన హక్కు. ఆత్మరక్షణకి ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని 2008లో హెలర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్యూ అనే పరిశోధన సంస్థ 2023లో చేసిన సర్వేలో తుపాకీ ఉన్నవాళ్లలో 72 శాతం మంది రక్షణ ఒక ముఖ్య కారణమన్నారు. పల్లెల్లో 911కి ఫోన్ చేసినా షెరిఫ్ (స్థానిక పోలీసు అధికారి) మనుషులు వచ్చేసరికి చాలాసేపు పట్టొచ్చు. ఇంకొన్ని ఇళ్లలో అది తాత వదిలివెళ్లిన రైఫిల్, ఏటా జింకల వేటకి బయటికి తీసేది.

కాబట్టి ఉందా లేదా అని కాదు, తాళం వేశారా అని అడగండి. గుమ్మం దగ్గర పిల్లల ముందు వద్దు. ముందురోజే మెసేజ్ పెట్టండి. వేరుశనగ ఎలర్జీ, కుక్క, స్విమ్మింగ్ పూల్ విషయాలతో కలిపి "ఇఫ్ యూ హావ్ గన్స్, ఆర్ దే లాక్డ్ అప్?" అంటే చాలు. బాధ్యతగా ఉంచుకునేవాళ్లు ఈ ప్రశ్నకి సాధారణంగా నొచ్చుకోరు.

గుండ్లు తీసేసి, తాళం వేసి, గుండ్లు వేరేచోట తాళంలో పెట్టామంటే అంతకన్నా మంచి జవాబు లేదు. రక్షణకోసం లోడ్ చేసే ఉంచుతామంటే, అది కోడ్‌తోనో వేలిముద్రతోనో తెరుచుకునే చిన్న సేఫ్‌లో ఉండాలి. "బీరువా పైన పెట్టాం, వాడికి తెలీదు" అన్నది జవాబే కాదు. పిల్లలకి తెలియని చోటు ఇంట్లో ఉండదు.

"మ్యాగజైన్ (గుండ్లు నింపే డబ్బీ) తీసేశాం" అన్నా నమ్మకండి. పిస్టల్ ఛాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా గుండు కూర్చునే చోట, ఒక గుండు మిగిలిపోవచ్చు, మ్యాగజైన్ లేకపోయినా చాలా పిస్టళ్లు పేలతాయి. కేబుల్ తాళం విషయంలోనూ పొరపాటు జరుగుతుంది. దాన్ని ట్రిగ్గర్ చుట్టూ తిప్పితే లాభం లేదు. పిస్టల్‌కైతే పేలిన గుండు ఖాళీ గొట్టం బయటపడే కంత గుండా దూర్చి మ్యాగజైన్ పెట్టే చోటునుంచి బయటికి తీస్తే స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) పూర్తిగా మూసుకోదు. ఈ తాళాల్ని చాలా పోలీస్ శాఖలు ఉచితంగా ఇస్తాయి.

పిల్లలకి చెప్పాల్సింది ఇంతే: తుపాకీ కనబడితే ముట్టుకోవద్దు, గది వదిలి వచ్చెయ్, పెద్దవాళ్లకి చెప్పు. బొమ్మదనిపించినా సరే.

మీకూ ఒక జాగ్రత్త. హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ గుండ్లు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. సరదాగా "పట్టుకుని చూడండి" అన్నా వద్దనడమే మేలు.

జవాబు నచ్చకపోతే వాదన పెట్టుకోకండి. "ఈసారి మీవాణ్ణే మా ఇంటికి పంపండి" అనండి.