పెట్రోల్ మోడల్ విమానానికి థ్రాటిల్ సర్వో లింకేజీ ఎలా బిగించాలి?

పెట్రోల్ ఇంజన్ విమానం ఎగరడానికి పెద్దగా ఏడిపించదు, దిగేటప్పుడే ఏడిపిస్తుంది. స్టిక్ పూర్తిగా దించినా ప్రొపెల్లర్ లాగుతూనే ఉంటే, లేదా ఐడిల్‌కి (ఇంజన్ ఆగకుండా తిరిగే అతి తక్కువ వేగానికి) రాగానే ఇంజన్ ఆగిపోతుంటే చాలామంది వెంటనే కార్బురేటర్ నీడిల్స్ (ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూలు) తిప్పేస్తారు. ముందు లింకేజీ చూడండి, అంటే సర్వోని (రేడియో చెప్పినట్టు తిరిగే చిన్న మోటార్) కార్బురేటర్ థ్రాటిల్‌కి కలిపే ఏర్పాటు.

పని మొదలెట్టే ముందు ఇగ్నిషన్ బ్యాటరీ పీకి పక్కన పెట్టండి. రేడియోలో (చేతిలోని ట్రాన్స్‌మిటర్‌లో) ట్రిమ్ మధ్యకు, సబ్-ట్రిమ్ (సర్వో మధ్య స్థానాన్ని జరిపే సెట్టింగ్) సున్నాకు, ఎండ్ పాయింట్లు (సర్వో ఎంత దాకా తిరగాలో చెప్పే హద్దులు) రెండు వైపులా 100 శాతానికి తెచ్చి, స్టిక్ సరిగ్గా సగంలో పెట్టండి. ఇప్పుడు సర్వో ఆర్మ్ పుష్‌రాడ్‌కి (సర్వో నుంచి కార్బురేటర్‌కి వెళ్లే కడ్డీకి) నిలువుగా, 90 డిగ్రీల్లో కూర్చోవాలి. ఒక పన్ను అటో ఇటో అయి కుదరడం లేదా? నాలుగు చేతుల ఆర్మ్ తీసుకుని ఒక్కో చేతినీ పెట్టి చూడండి. 25 పళ్ల సర్వోలో పళ్లు నాలుగుతో భాగం పోవు కాబట్టి ఒక్కో చెయ్యి 3.6 డిగ్రీల తేడాతో కూర్చుంటుంది. ఏదో ఒకటి కుదురుతుంది. మిగతా చేతులు కత్తిరించేయండి.

కార్బురేటర్ వైపు బటర్‌ఫ్లైని (గాలిని మూసి తెరిచే గుండ్రటి రేకుని) వేలితో సగం తెరిచి, ఆ స్థితిలో పుష్‌రాడ్ పొడవు కొలిచి కోయండి. ఐడిల్ స్క్రూని వెనక్కి తిప్పేయండి; ఐడిల్ ఎక్కడో ఇక సర్వోనే చెప్పాలి. రిటర్న్ స్ప్రింగ్ తీసేసేవాళ్లు ఉన్నారు. నేనైతే ఉంచుతాను. లింకు ఊడినా అది థ్రాటిల్‌ని మూస్తుంది.

రాడ్ నైలాన్‌దో కార్బన్‌దో వాడండి, కార్బ్ చివర నైలాన్ బాల్ లింక్ పెట్టండి. సైకిల్ స్పోకు చవగ్గా దొరుకుతుంది కదా అని ఇక్కడ మాత్రం వాడొద్దు. లోహపు రాడ్ ఇగ్నిషన్ నాయిస్‌ని సర్వో దాకా మోసుకొస్తుంది. సర్వోని, రిసీవర్‌ని ఇగ్నిషన్ బాక్సుకి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. బాల్ స్క్రూకి థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. ప్లాస్టిక్ మీద పడనివ్వకండి, కొన్ని రకాలు పగిలిపోతాయి. విశాఖ ఉప్పుగాలికి మామూలు స్క్రూలు ఇట్టే తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ కొనండి.

ఇక స్టిక్ పైకి, కిందికి ఆడిస్తూ చెవి సర్వో దగ్గర పెట్టండి. చివర్లో గుయ్యిమంటే బటర్‌ఫ్లై ఆగిపోయినా సర్వో ఇంకా తోస్తోందని అర్థం. బ్యాటరీ ఊరికే కరిగిపోతుంది. ఎండ్ పాయింట్ తగ్గించండి. 70 శాతం కంటే తగ్గించాల్సి వస్తే రేడియోని వదిలి, రాడ్‌ని సర్వో ఆర్మ్ లోపలి రంధ్రానికి మార్చండి. బటర్‌ఫ్లై కాస్త తెరుచుకోగానే పవర్‌లో ఎక్కువ భాగం వచ్చేస్తుంది కాబట్టి కింది సగం మెల్లగా కదిలేలా రేడియోలో థ్రాటిల్ కర్వ్ (స్టిక్ ఎంత కదిలితే థ్రాటిల్ ఎంత తెరవాలో చెప్పే సెట్టింగ్) వేసుకోండి. రేడియోలో థ్రాటిల్ కట్ స్విచ్ నొక్కితే బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకోవాలి. అయినా ఇంజన్ ఆపడానికి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి, ఇగ్నిషన్ కిల్ స్విచ్ వేరేగా ఉండాల్సిందే.

ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోతే సర్వో ఎక్కడికి వెళ్లాలో చెప్పే సెట్టింగ్‌లో) థ్రాటిల్‌ని ఐడిల్‌కి సెట్ చేసి, ఇంజన్ ఆపి ఉన్నప్పుడే ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. తర్వాత తోక గట్టిగా కట్టేసి, ఇంకొకరిని పట్టుకోమని ఇంజన్ స్టార్ట్ చేయండి. ఐడిల్ నుంచి ఫుల్ దాకా తిప్పుతూ సర్వోలు వణుకుతున్నాయేమో చూడండి. వణికితే ఆ రోజు ఎగరేయొద్దు. మన విశాఖలో నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది కాబట్టి, ఎగరేయబోయే మైదానం ఏ జోన్‌లో పడుతుందో డిజిటల్ స్కై మ్యాపులో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) చూసుకున్నాకే బయల్దేరండి. మొదటి ఫ్లైట్ దిగగానే కౌలింగ్ (ఇంజన్ మీది కవర్) విప్పి బాల్ లింక్ స్క్రూని మళ్లీ ఒకసారి బిగించండి.